నాన్న పేరున్న ఫజ్ డబ్బా

ఇప్పుడు ఏ శబ్దం కావాలన్నా ఫోనులో దొరుకుతుంది. తొంభై మూడులో మా చంద్రపూర్‌లో కావలసిన శబ్దాన్ని కూడా ఇంట్లోనే తయారు చేసుకోవలసి వచ్చేది, అప్పడాల్లాగా. దేశం తలుపులు తెరిచిందనీ, విదేశీ సరుకు వచ్చి పడుతోందనీ మరాఠీ పేపర్లు రోజూ రాసేవి. ఆ సరుకు బొంబాయిలో దిగి, నాగపూర్‌లో ఆగి, మా దాకా వచ్చేసరికి ఉత్త వార్తగా మిగిలేది. (తొంభై రెండు అని మా అమ్మ చివరిదాకా వాదించింది. తొంభై మూడే. నాన్న పోయిన మరుసటి వేసవి.)

నాకప్పటికి ముప్ఫై నిండలేదు. థర్మల్ కేంద్రంలో నాన్న స్థానంలో నన్ను తీసుకుని, మీటర్లు సరిచేసే ల్యాబ్‌లో కూర్చోబెట్టారు. తమ్ముడు బీకాం రెండుసార్లు తప్పి, పెళ్లిళ్లలో పాడే ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. వాడు మనసు పెట్టి చేసిన పని అదొక్కటే. ఆర్కెస్ట్రా యజమానిని అందరం భావూ అనేవాళ్లం, మరాఠీలో అన్న అని. మే నెలలో మా ఊరి తుకుం పేటలో ఒక తెలుగు ఇంజినీరు గారింటి పెళ్లి కుదిరింది. వాళ్లు అడిగిన పాటలో ఒకచోట గిటార్ గొంతు చిరిగిపోయినట్టు, డబ్బాలో కందిరీగను వేసి మూసినట్టు మోగుతుంది. ఆ ముక్క క్యాసెట్‌లో ఉన్నట్టే రావాలనీ, రాకపోతే తాను కీబోర్డు కొనుక్కుంటాననీ, అప్పుడిక గిటార్‌తో పని ఉండదనీ భావూ నవ్వుతూనే హిందీలో చెప్పాడట. తమ్ముడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఆ గొంతు చింపే పరికరాన్ని ఫజ్ పెడల్ అంటారు. గిటార్‌కీ స్పీకర్‌కీ మధ్య నేల మీద పెట్టి, కావలసినప్పుడు కాలితో మీట నొక్కాలి. దాని పటం ఒక పాత హిందీ పత్రికలో దొరికింది. కావలసిన రెండు జర్మేనియం ట్రాన్సిస్టర్లను రేడియో రిపేరు దుకాణంలో, చచ్చిపోయిన రేడియోల్లోంచి ఏరుకొచ్చాను. కూలర్ ముందు బల్ల వేసుకుని (మా ఊళ్లో మే నెలలో కూలర్ లేకుండా టంకం పెట్టాలంటే ముందు మనిషి కరుగుతుంది) ఒక్కొక్క అతుకూ కొలిచి చూసుకుంటూ కట్టాను. ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో పెడితే కాలనీ కరెంటంతా అందులోనే గుంయ్‌మంది. దానికి ఇనుప గూడు కావాలి. తమ్ముడు అటక మీద నుంచి నాన్న డ్యూటీకి అన్నం తీసుకెళ్లే స్టీలు డబ్బా దించాడు. నేను వద్దనలేదు. అంత దళసరి రేకు ఈ రోజుల్లో రాదు. నాలుగు రంధ్రాలు పొడిచి, మూత మీద మీట బిగించి, కూలర్ ముందే మోగించాం. కందిరీగ నిజంగానే వచ్చింది.

అమ్మ బజారు నుంచి వచ్చి చూసింది. మూత మీద చెక్కిన నాన్న పేరు మీద కొంగుతో ఇనుప పొడి తుడిచింది.

"నాయిన పేరు మీద కాలు పెడ్తవారా?"

తమ్ముడు డబ్బా తిరగేశాడు. అడుగున కూడా పేరుంది. క్యాంటీన్‌లో మూతలు మారిపోతాయని నాన్న రెండుచోట్లా చెక్కించారు. (లెక్క తప్పకపోవడం మా వంశంలో ఉంది.) చేతితో నొక్కమంది అమ్మ. రెండు చేతులూ గిటార్ మీద ఉంటాయన్నాడు వాడు.

"గట్లయితె అక్క చేతులు ఖాలీగనే ఉన్నయి గద."

అలా నేను ఆర్కెస్ట్రాలో చేరాను. పెళ్లిరోజు సాయంత్రం రేకుల హాల్లో, స్పీకర్ వెనక, ఇస్త్రీ చీర కట్టుకుని గొంతుక్కూర్చున్నాను. పాటకు ముందు ఒకసారి నొక్కి చూశాం. కందిరీగ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే అదీ లేదు. తమ్ముడు తీగ పీకి మళ్లీ పెట్టాడు. అవతల భావూ మా వైపే చూస్తున్నాడు.

"అక్కా, ఇంట్ల మంచిగనే మోగింది గద. గిక్కడేమైంది?"

డబ్బా మీద చెయ్యి పెట్టగానే తెలిసింది. కాలుతోంది. జర్మేనియం వేడికి ఓర్వదు. ఈ సంగతి నాకు తెలుసు, ల్యాబ్‌లో నలుగురికి చెప్పేదాన్ని కూడా. అన్నీ కొలిచిన నేను, కొలిచిందంతా కూలర్ గాలిలోనని మరిచిపోయాను. షర్బత్ డ్రమ్ముల దగ్గరికి పరుగెత్తి, ఐసు గడ్డ అడిగి, పాలకవర్‌లో వేసి, కొంగులో చుట్టి తెచ్చాను. వరుడి మేనత్త కాబోలు, ఎవరైనా కళ్లు తిరిగి పడిపోయారా అని వెంటబడింది. అవునన్నాను. చూస్తే నేను స్పీకర్ వెనక ఒక టిఫిన్ డబ్బాకు జ్వరం దింపుతున్నాను. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి వెళ్లిపోయింది.

పాట మొదలైంది. తమ్ముడు తల ఊపాడు. నేను నొక్కాను. గిటార్ గొంతు చిరిగి, ఆ రేకుల కప్పు కింద, క్యాసెట్‌లో కన్నా ఘోరంగా, క్యాసెట్‌లో కన్నా గొప్పగా మోగింది. వాడు అంత నిటారుగా నిలబడటం నేను చూడటం అదే మొదలు. ముక్క అయిపోగానే వంగి, నా చెవిలో అన్నాడు:

"నాయిన గిన ఉంటె చెవులు మూసుకుంటుండె."

ఇద్దరం నవ్వాం. నాన్న పోయాక మేం కలిసి నవ్వింది అప్పుడే.

భావూ వాడి భుజం తట్టాడు. దసరా తర్వాత కీబోర్డు కూడా కొన్నాడు. అందులో కందిరీగకు ఒక మీట ఉంది. దానికి ఐసు అక్కర్లేదు, అక్క అక్కర్లేదు. తమ్ముడు గిటార్ ఎవరికో ఇచ్చేసి, మా జిల్లాలోనే భద్రావతి దగ్గర బొగ్గుగనిలో చేరాడు. సంగీతం ఊసు మళ్లీ ఎత్తలేదు. వాడు పోయాక మరదలు ఒక సంచి తెచ్చి, "గిది మీదేనంట వదినా, ఎవ్వల్నీ ముట్టనియ్యకపోతుండె" అని నా చేతికిచ్చింది. లోపల డబ్బా. వాడు నెల్లాళ్లకోసారి తుడిచేవాడట. నాన్న పేరు తళతళలాడుతోంది.

పాత బ్యాటరీ తీసి కొత్తది వేశాను. గిటార్ లేదు గనక తీగ చివర వేలితో తాకుతాను, టేప్‌రికార్డర్ స్పీకర్‌లోంచి కందిరీగ పలుకుతుంది. చలికాలంలో బాగా, మే నెలలో తడిగుడ్డ కప్పితేనే. మోకాళ్లు అరిగిపోయాయి, కాలితో నొక్కడమే తేలిక, కానీ పైన నాన్న పేరుంది. బల్ల మీద పెట్టుకోవచ్చు కదా అంటారు మీరు. పెడల్ ఉండవలసింది నేల మీద. అందుకని గోడ పట్టుకుని, అమ్మా అనుకుంటూ, నేల దాకా వంగి చేత్తోనే నొక్కుతాను. ఖాలీగా ఉన్నవి ఇంకా ఈ చేతులే.