నీలం సీసా మీద అనుమానం

మొదటి దగ్గు చర్చిలో, పాట మధ్యలో వచ్చింది. క్వయర్‌లో నాది వెనక వరుస. తెల్ల గౌన్లు వేసుకుని ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గరగా నిలబడతాం. రెండో చరణం ఎత్తుకోగానే గొంతులో ఎవరో దూది కుక్కినట్టయింది. ఊపిరి సగంలోనే ఆగిపోయింది. పాటల పుస్తకం పక్కావిడ చేతిలో పెట్టి వెనక తలుపులోంచి బయటపడ్డాను. బయట వాన. చూరు కింద నిలబడి గౌను విప్పేశాక కాసేపటికి కుదుటపడ్డాను. చలిగాలి పడలేదేమో అనుకున్నాను.

మా తాతలు శ్రీకాకుళం వైపు సముద్రపుటొడ్డు నుంచి పోర్ట్‌బ్లెయిర్ వచ్చి ఉండిపోయారు. నేను ఇక్కడే పుట్టాను. ఓడ టికెట్లిచ్చే కౌంటర్లో ఉద్యోగం. మా ఆయన పని ఓడ మీద, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండరు. షాదీపూర్‌లో ఉన్న మా ఇంట్లో ఎక్కువగా ఉండేది నేనూ, మా అత్తగారూ. క్వయర్ గౌన్లన్నీ ఉతికి ఇస్త్రీ చేసేది ఆవిడే. ఎవరూ అడగలేదు. దేవుడి పని అని ఆవిడే నెత్తిన వేసుకున్నారు.

ఆ తర్వాత దగ్గు ఇంట్లోనూ మొదలైంది. పక్క మీద వాలగానే ఛాతీలో సన్నగా ఈల. డాక్టరు చెవిగొట్టం పెట్టి విని, పీల్చే మందు రాసిచ్చాడు. ఇక్కడి తేమకి, గోడల బూజుకి ఇది మామూలేనన్నాడు. లేచి వస్తుంటే, "ఇంట్లో కొత్తగా ఏమైనా తెచ్చారా? రంగులు, పరుపు, కుక్కపిల్ల?" అని హిందీలో అడిగాడు. ఏమీ లేదన్నాను.

తిరిగొచ్చే బస్సులో నా పక్కన ఒకామె వచ్చి కూర్చుంది. ఆమె చున్నీ నుంచి మా తలగడ వాసనే వచ్చింది. అదే మల్లెపూవు కాని మల్లెపూవు వాసన. వెంటనే దగ్గు అందుకుంది. ఆ దగ్గులోనే మా స్నానాలగది అలమరలో ఉన్న నీలం సీసా గుర్తొచ్చింది.

వానలు మొదలైతే ఇక్కడ బట్టలు ఆరవు. హాల్లో తాళ్లు కట్టి ఫ్యాను కింద వేస్తాం. ఎంత ఉతికినా ముక్కవాసన. ఆ ఏడు కొత్త వాషింగ్ మెషిన్ కొంటే దుకాణంవాడు బట్టలు మెత్తబడే ఆ నీలం ద్రవం సీసా ఊరికే ఇచ్చాడు. అప్పటినుంచి అత్తగారు అది లేకుండా ఒక్క గుడ్డ ఉతకలేదు. చర్చిలో ఆడవాళ్లందరూ గౌను చెయ్యి ముక్కుకి ఆనించుకుని మెచ్చుకునేవాళ్లు.

ఇంటికి రాగానే సీసా వెనక అక్షరాలు ఫోనులో ఫోటో తీసి పెద్దవి చేసి చూశాను. సీసాకి అంటించిన కాగితంలో సగం పూల బొమ్మకి, అందులో నవ్వుతున్న పసిపిల్లకే పోయింది. వెనక గోరంత జాగాలో నాలుగు ముక్కలు. చివర 'పరిమళం' అని ఒక్క మాట. ఆ మాట కింద ఎన్ని రసాయనాలున్నాయో, ఏ పేర్లవో చెప్పలేదు. మంచిదైతే పేరు చెప్పడానికేం? అక్కడే నన్ను అనుమానం పురుగులా తొలిచింది.

"అత్తా, ఇది కొన్నాళ్లు ఆపుదామా? దీనివల్లే నాకు ఊపిరి ఆడటంలేదేమోనని అనుమానం."

ఆవిడ గౌను మడత పెడుతూ ఆగారు. "ఖుష్బూకి జబ్బేటమ్మా? కంపుకి జబ్బొస్తాది గానీ! ముక్కవాసన కొట్టే గౌన్లు దేవుడి ముందర ఏసుకుంటారేటి?"

"కొన్నాళ్లే."

"నీకు పడదంటే నానెందుకు పోస్తాను? పోయను, పో," అన్నారు. ఆ 'పో'లో నొప్పి వినిపించింది.

కానీ వాసన పోలేదు. వారం గడిచినా తలగడ అదే మల్లెపూవు. నా అనుమానం సీసా మీద నుంచి మనిషి మీదకి మళ్లింది. సీసా మీద ద్రవం ఉన్నంత మేర పెన్నుతో గీత పెట్టాను. రోజూ చూసినా ద్రవం ఆ గీత దగ్గరే ఉంది. అయితే ఇంకో సీసా ఎక్కడో దాచారనుకున్నాను. కౌంటర్ కంతలోంచి డబ్బులు పట్టుకొచ్చే ప్రతి చేతినీ ముందు వాసన చూడటం అలవాటైపోయింది. ఇంట్లో అడుగుపెడితే పోలీసు కుక్కనే. ఒక సాయంత్రం ఆవిడ ట్రంకు పెట్టె తెరిచి చీరల మధ్య చెయ్యి పెట్టి ఉండగా వెనక గొంతు వినిపించింది.

"ఏటి ఎతుకుతున్నావు?"

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆవిడకి అర్థమైంది.

"నా మీద శక్కేటి నీకు? ఇంత అనుమానమేటి? ప్రార్థన సేసుకునే నోటితో పోయనని సెప్పేను గదా!"

"మరి ఆ వాసన ఎక్కడినుంచి వస్తోందత్తా?"

ఆవిడ కోపంగానే నా తలగడ తీసి ముక్కుకి ఆనించుకున్నారు. మళ్లీ పీల్చారు. మొహం మారింది. "నిజమే. నాను పోయలేదే!"

ఇద్దరం మెషిన్ దగ్గరికి నడిచాం. సబ్బు వేసే సొరుగు లాగితే ఊడొచ్చింది. వెనకంతా నీలం జిగురు, వేలితో గీకితే బంకలా సాగింది. డ్రమ్ములో తల పెట్టాను. గుక్క తిరగలేదు. సబ్బుపొడి పొట్లం విప్పితే అదీ పూల వాసనే. సీసా ఒక్కటే అనుకున్నాను, ఇంటి నిండా ఉంది. సొరుగు తోమి, చాకలి సోడా వేసి వేడినీళ్లతో ఉత్త మెషిన్‌ని తిప్పి, పారబోసి, మళ్లీ తిప్పాం. ఆవిడ ముఖానికి కొంగు కట్టుకుని నన్ను గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు.

మర్నాడు అబర్డీన్ బజార్‌లో దుకాణం దుకాణం తిరిగాం. వాసన లేని పొడి కావాలంటే ఒక్కరికీ అర్థం కాలేదు.

"వాసన లేనిదా? అది ఎవరు కొంటారు దీదీ?" అని నవ్వాడొకడు. 'సహజం' అని రాసి ఉన్న ఆకుపచ్చ పొట్లం ముందు పెట్టాడు.

అత్తగారు దాన్ని తిప్పి తిప్పి చూసి, మూల దగ్గర గట్టిగా పీల్చి, వెనక్కి తోశారు. "ఆకు బొమ్మేసి ఇదీ అదే! సాదా సబ్బు బిళ్ల ఇయ్ భయ్యా."

గౌన్లన్నీ ఆ బిళ్లతో చేత్తో ఉతికాం. ఎన్నిసార్లు జాడించినా వాసన గుడ్డని వదలదు. వాన తెరిపిచ్చినప్పుడల్లా డాబా మీదకి, చినుకు పడగానే హాల్లోకి మోశాం. చివరికి ఇస్త్రీ పెట్టె కింద వేడి గుడ్డ వాసన, కొంచెం ముక్కవాసన మాత్రం మిగిలాయి. ఆదివారం గౌన్లు పంచుతుంటే ముందు వరుసలో ఒకామె ముక్కు చిట్లించింది.

"ఏటి ఆంటీ, ఈవారం ఆరలేదేటి?"

అత్తగారు తల ఎత్తారు. "ఆరినాయి. సెంటు పోయలేదు. ఆ సెంటు మా కోడలి ఊపిరి తీసేస్తంది. ఇకమీదట గౌన్లు ఇలాగే ఉంటాయి. కావాలంటే ఎవరి గౌను ఆళ్లే ఉతుక్కోండి."

ఒక్కొక్కరే గౌను అందుకుని తొడుక్కున్నారు. ఆ రోజు నేను చివరి చరణం దాకా పాడాను. మధ్యలో ఒకసారి గొంతు గరగరలాడింది గానీ బయటికి పోవలసిన పని పడలేదు. పక్కామె జుట్టుకు రాసుకున్నదేదో కారణమని ఇప్పటికీ నా అనుమానం.

దగ్గు తగ్గింది, పూర్తిగా పోలేదు. సీసా వల్లేనా అని డాక్టరుని అడిగితే, "కావచ్చు. కొందరికి పడదు. అదొక్కటేనని మాత్రం చెప్పలేను," అన్నాడు. తగ్గడం మందువల్లో, వానలు వెనకపట్టడం వల్లో, మేం చేసిన పనివల్లో నాకూ తెలియదు. పక్కింటి డాబా మీద బట్టలు ఆరేసిన రోజున గాలి ఇటు తిరిగితే కిటికీ మూస్తాను. వాళ్లతో ఏమని చెప్పను? వాళ్ల పసివాడి ఉయ్యాల గుడ్డలు కూడా అదే వాసన. చెబితే చాదస్తం అంటారు. చెప్పకపోతే మనసు ఊరుకోదు.

మొన్న మా ఆయన చెన్నై నుంచి కొత్త దుప్పట్లు తెచ్చారు. అట్టపెట్టె మూత తీయగానే ఏదో తియ్యటి వాసన గుప్పుమంది. నేను నోరు తెరిచేలోపే అత్తగారు పెట్టె మూసేసి రెండు చేతులా ఎత్తుకున్నారు.

"దుకాణంలోనే పోసేస్తారేటి?" అని గొణుగుతూ, వాటిని గాలికి ఆరేయడానికి డాబా మెట్లెక్కారు. మా ఆయన నావైపు చూశారు. నేను తలగడ తీసి ఇంకోసారి వాసన చూసుకున్నాను.