చావిడి లేని పచ్చిక

మా వీధి చివర పార్కులో గడ్డి కోసినప్పుడల్లా, ఆ పచ్చి వాసనకు చిన్నప్పుడు, పంతొమ్మిది వందల అరవైల్లో చూసిన హైదరాబాదు పార్కు గుర్తొస్తుంది. జగ్గయ్యపేట నుంచి అమ్మ నన్నూ తమ్ముణ్ణీ తీసుకెళ్లింది. ఎండాకాలం మా గేదెకు ఎండు చొప్పే గతి. అక్కడేమో కనుచూపు మేరా పచ్చగడ్డి.

"ఇది మేసే గేదెలెవరివమ్మా? గొడ్ల చావిడెక్కడ?" అన్నాను.

"నేనూ అదే చూస్తన్నా," అంది అమ్మ.

చెట్ల వెనకంతా వెతికాం. చావిడి కనిపించలేదు. చివరికి అమ్మ, గడ్డి కోస్తున్న తోటమాలిని అడిగింది.

"బర్లెక్కడివమ్మా. కోసి పారేస్తం," అన్నాడతను.

అమ్మ, మేం పులిహోర తినేసిన క్యారియర్ గిన్నెల్లో ఆ గడ్డి కూరింది. మర్నాడు మా గేదె దాన్ని క్షణంలో మేసి, అమ్మ చేతులు నాకుతూ నిలబడింది.

కోసి పారేస్తారన్న మాట నేను మాత్రం నమ్మలేదు. ఇప్పుడు మనవలతో పార్కుకెళ్లినా, నా చూపు చెట్ల వెనక చావిడి కోసమే పోతుంది.