రాళ్ల కింద బురద

2021 చలికాలం. ఉత్తరాదిన ఒక కొండ నదిలో క్రోమైట్ తవ్వకం ఆపేసిన చోటికి సర్వేయర్‌గా వెళ్లాను. మాది బాన్సువాడ. క్రోమియం ఇచ్చే నల్లని ఖనిజమే క్రోమైట్. అది కొండల్లో అరిగి, ఏటి వెంట కొట్టుకొచ్చి, బరువు వల్ల గులకరాళ్ల అడుగున చేరుతుంది. అలాంటి నిక్షేపాన్ని ప్లేసర్ అంటారు. రాళ్లు తోడి, కడిగి, ఖనిజాన్ని వేరుచేస్తారు. గని మూసేటప్పుడు ఆ గుంతలన్నీ గట్టిగా పూడ్చాలి. పూడ్చారని కొలిచి సంతకం పెట్టడం నా పని.

అక్కడ పొక్లెయిన్ నడిపిన రాజన్నది మా పక్కనే ఉన్న నస్రుల్లాబాద్. ఆ పనికి అతన్ని నేనే పిలిపించాను. చివరి రోజు నేను టోటల్ స్టేషన్, అంటే ఎత్తులూ దూరాలూ కొలిచే యంత్రం, సర్దుకుంటుంటే దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు.

"అన్నా, ఏటి పక్క గుంతల అడుగంతా బురదనే. మేనేజర్ నీళ్లు తోడనియ్యలే. పైన రాళ్లు పరిపించిన్రు. జర పొడిచి చూడు."

పొడిచి చూడాలంటే ఇంకో రెండు రోజులుండాలి. నాకు రైలు టికెట్ ఉంది. పై మట్టం సరిపోయింది కదా అనుకుని సంతకం పెట్టి వచ్చేశాను.

పది రోజులకు మేకలు కాసుకునే ఒకామె ఆ రాళ్ల మీద నడుస్తూ నడుముదాకా దిగబడిపోయింది. యంత్రాలు తరలించే పని మీద ఇంకా అక్కడే ఉన్న రాజన్న చెక్కలు పరిచి ఆమెను బయటికి లాగాడు. ఆమె బతికింది. రాళ్లు జారి అతని కుడి మోకాలు నలిగిపోయింది.

విచారణకు నన్నూ పిలిచారు. పూడ్చినవాడిదే తప్పని మేనేజర్ అప్పటికే చెప్పేశాడు. ఆపరేటర్ మీకు ముందే ఏమైనా చెప్పాడా అని గనుల శాఖ అధికారి అడిగాడు. రాజన్న గోడ పక్కన కూర్చుని నా మొహమే చూస్తున్నాడు.

"లేదు సార్" అన్నాను.

అతను తల దించుకున్నాడు. అతన్ని పనిలోంచి తీసేశారు.

నాలుగు నెలల తర్వాత బాన్సువాడ బస్టాండులో ఎదురుపడ్డాడు. కుంటుకుంటూ వచ్చి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు. తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ని కాదు. ఆ వారమే జరిగింది జరిగినట్టు రాసి అధికారికి పంపాను. ఆ గుంతలను మళ్లీ తవ్వించి, బురద తోడించి పూడ్పించారు. రాజన్న తప్పేమీ లేదని కాగితం ఇచ్చారు. నన్ను ఏడాదిపాటు ఆ పనులకు దూరం పెట్టారు.

కాగితం పట్టుకొని వాళ్లింటికి పోయాను. చదివించుకుని మడతపెట్టాడు.

"మంచిదే అన్నా. కానీ గీ మాట ఆనాడు ఆ గదిలనే అనాల్సి ఉండె. మోకాలు పోయిందని గాదు. నువ్వు లేదంటివి చూడు, గదే యాదికొస్తది."



ఇప్పుడు ఏ చోటికెళ్లినా కొలతల కంటే ముందు మెషిన్ నడిపేవాళ్లను అడుగుతాను. చెప్పింది వాళ్ల పేరుతోనే ఫీల్డ్ బుక్కులో రాస్తాను. వాళ్ల మాట వినడం మా వృత్తిలో సగం పని. విన్నానని నలుగురిలో ఒప్పుకోవడం మిగతా సగం. అది నాకు చేతకాని రోజున నష్టపోయింది నేను కాదు.