గాజు అవతలి గిటారిస్టు

ఢిల్లీ పక్కన వైశాలిలో ఉండే నథానియేలు ఓ ప్రైవేటు ఆస్పత్రిలో చెవి పరీక్షలు చేస్తాడు. మనిషిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, గాజు ఇవతలి నుంచి కూతలు వినిపిస్తాడు. వినపడితే మీట నొక్కాలి, ఇవతల దీపం వెలుగుతుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. దీన్ని సేవ అని అతను ఏనాడూ అనలేదు, అందుకే నాకు నచ్చాడు.

అతను ఆగకుండా మాట్లాడేది 'లోడ్ షెడ్డింగ్' గురించే. తొంభైల్లో ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్ల కుర్రాళ్ల హార్డ్ రాక్ బ్యాండ్ అది. ఏ కాలేజీలోనూ రెండో బహుమతి దాటలేదు. ఒకసారి పాట మధ్యలో కరెంటు పోయినా డ్రమ్మర్ ఆపలేదట. గిటారిస్టు శశిధర్ ఆ మసక చీకట్లో డ్రమ్మర్ భుజాలే చూస్తూ నిలబడి, కరెంటు రాగానే సరిగ్గా తాళంలో అందుకున్నాడట. కోయిర్ ప్రాక్టీసు ఎగ్గొట్టి వచ్చిన నథానియేలు ఎడమ స్పీకరు పక్కనే ఉన్నాడు. అంత పవిత్రమైంది చర్చిలో వినలేదన్నందుకు భార్య ఎల్సా వారం మాట్లాడలేదు.

మొన్న మార్చిలో ఫారం మీద ఆ పేరు కనబడింది. శశిధర్, యాభై నాలుగు, ఘాజియాబాద్ ఫ్యాక్టరీలో సేఫ్టీ సూపర్‌వైజరు. కాంట్రాక్టు పొడిగించాలంటే వినికిడి సర్టిఫికెట్ కావాలి. అలారం వినాల్సిన ఉద్యోగం.

సన్నని కూతలు వచ్చేసరికి మీట ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. శశిధర్ గాజులోంచి నథానియేలు భుజాన్ని చూస్తున్నాడు. కూత వదిలేటప్పుడు ఆ భుజం కదిలితే నొక్కుతున్నాడు.

నథానియేలు అలాగే కూర్చుంటే సరిపోయేది. కుర్చీ తిప్పుకున్నాడు. ఇక కూత లేనప్పుడు దీపం వెలిగింది, ఉన్నప్పుడు వెలగలేదు. జలుబు చేసింది, ఇంకోసారి పెట్టు భయ్యా అన్నాడు శశిధర్. మూడుసార్లు పెట్టినా అంతే. సంగీతం మనిషిని కాపాడుతుందనేవాళ్లని ఆ పూట ఆ గదిలో కూర్చోబెట్టాలి.

నథానియేలు లోపలికెళ్లి హెడ్‌ఫోన్లు తీసి, చెవి దగ్గరగా చెప్పాడు.

"అన్నా, లోడ్ షెడ్డింగ్‌కి వచ్చేవాణ్ణి. ఎడమ స్పీకరు పక్కన."

శశిధర్ అతని ఎడమ చెవి కేసి చూశాడు. "మరి నీ చెవి ఎలా ఉంది?"

"టెస్ట్ చేసుకోలేదు."

"తెలివైనోడివే." నవ్వాడు. "గ్రాఫులో గీత కొంచెం పైకి గియ్యి తమ్ముడూ. రెండేళ్లు చాలు. పాప చదువు అయిపోద్ది."

"ఫ్యాక్టరీలో ఎంతమంది ఉంటారన్నా?"

"నూట నలభై."

గ్రాఫు ఉన్నదున్నట్టు అచ్చయి బయటికొచ్చింది. సన్నని కూతల దగ్గర గీత కిందికి జారిపోయిన చోట శశిధర్ వేలు పెట్టాడు.

"నా సోలో అంతా ఇక్కడే ఉండేది."

వేలు తీసేదాకా ఆగి, నథానియేలు కింద సంతకం పెట్టాడు.