ఆడవాళ్ళ రిజిస్టరులో ఒక పేరు

తొంభైల మధ్యలో నేను రాజమండ్రి కోర్టుల దగ్గర ఒక టైపింగ్ షాపులో పనిచేసేదాన్ని. షాపులో రెండు మిషన్లుండేవి, ఒకటి ఇంగ్లీషుది, ఒకటి తెలుగుది. తెలుగు మిషను నాది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అర్జీలూ అఫిడవిట్లూ కొట్టడమే పని. జనం వాళ్ళ మాటల్లో చెప్పుకుంటూ పోతే, అది ఆఫీసుల్లో చెల్లే భాషలోకి మార్చి కొట్టేదాన్ని. ఆ విద్య నాకు బాగా పట్టుబడిందని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒక సోమవారం ఒకావిడ వచ్చి బెంచీ చివర కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. గోదావరి మధ్య ఒక లంకలో వాళ్ళ ఊరు. పడవలో ఏరు దాటి, బస్సెక్కి వచ్చిందట. తన వంతు వచ్చేదాకా ఎవర్నీ ఏమీ అడగలేదు.

"అర్జీ కొట్టాలండి అమ్మాయిగోరూ," అంది.

"ఎవరికండి?"

"జైలోళ్ళకండి. మా సెల్లి మీ కాడుందా అని అడగాలి."

విషయమంతా నెమ్మదిగా చెప్పింది. తల్లీ తండ్రీ పోయాక చెల్లెల్ని తనే పెంచిందట. ఆ పిల్ల పెద్దదై కాకినాడలో ఒకరింట్లో పనికి కుదిరింది. ఏడాదికి రెండుసార్లు ఊరొచ్చేది. తర్వాత రావడం మానేసింది. అక్క కాకినాడ వెళ్ళి చూస్తే, ఆ ఇంటివాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఏడాది పైన గడిచింది. అప్పుడు వాళ్ళ ఊరాయనొకడు పొలం తగాదా మీద కాకినాడ కోర్టుకి వెళ్ళి, పోలీసు వ్యాన్లోంచి మీ చెల్లెల్లాంటి మనిషి దిగుతుంటే చూశానని చెప్పాడు. ఆవిడ దగ్గరున్న ఆధారం అంతే. కేసు నంబరు లేదు, ఏ స్టేషనో తెలియదు. కాకినాడలో అడిగితే ఆ పేరు మీద కేసేదీ లేదన్నారట.

ముందు రాజమండ్రి జైలుకే అర్జీ కొట్టాను. నా చెల్లెలు ఫలానా, ఫలానా వారి కుమార్తె, ఫలానా గ్రామ నివాసి, తమ జైలులో ఉన్నదీ లేనిదీ దయచేసి తెలుపవలెనని. ఆవిడ వేలిముద్ర వేసింది. తనే పట్టుకెళ్ళి ఇచ్చింది.

వారం తిరిగేసరికి జవాబు వచ్చింది. ఆ పేరు గల ఖైదీ ఎవరూ లేరు. కాకినాడ, పెద్దాపురం జైళ్ళకి కూడా కొట్టించుకుంది. పోస్టులో వేయమంటే ఒప్పుకోలేదు, పని లేని రోజు చూసుకుని తనే వెళ్ళేది. జవాబు రాగానే ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని నా దగ్గరికి చదివించుకోడానికి వచ్చేది. మూడు కాయితాల్లోనూ ఒకటే వాక్యం.

మూడోది చదివి, ఏదో ఓదార్పు మాట చెప్పాలనిపించి, "పోనీలే అక్కా, జైల్లో లేదంటే మంచిదే కదా," అన్నాను.

ఆవిడ నా మాట పట్టించుకోలేదు. "ఏది సూసి లేదన్నారండి?" అంది.

"రిజిస్టరు చూసుంటారు."

"అయితే ఆ రిజిస్టరు నా ఎదరే తీసి సూడమందాం. మీరు కూడా రండి. నాకు వాళ్ళ మాట తెలీదు, మీకు తెలుసు."

అన్నేళ్ళలో వందలకొద్దీ అర్జీలు కొట్టాను. లేదన్న జవాబు వస్తే, ఏం చూసి లేదన్నారని నాకెప్పుడూ తోచలేదు. మా షాపు మేష్టార్ని ఒక పూట సెలవడిగి ఆవిడ వెంట రాజమండ్రి జైలుకి బయల్దేరాను.

జైలంటే నాకు లోపల భయంగానే ఉంది. గేటు పక్కనే ఆఫీసు. అక్కడ రికార్డులు చూసే గుమస్తా గారు రిటైర్మెంటుకి దగ్గర పడినాయన. చెమటకి చొక్కా కాలరు లోపల రుమాలు మడిచి పెట్టుకున్నారు. మా కాయితం చదివి, "దీనికి జవాబిచ్చింది నేనేనమ్మా. చూసే ఇచ్చాను," అన్నారు.

"ఇంకొక్కసారి సూడండి బాబుగోరూ," అంది అక్క.

ఆయన విసుక్కోలేదు. రిజిస్టరు బయటివాళ్ళ చేతికివ్వడం కుదరదు గానీ, మా ఎదురుగా తాను చూసి చెప్పడానికి అభ్యంతరం లేదన్నారు. ఆ ముక్క పైఅధికారి దగ్గర కూడా అడిగొచ్చారు. ఆడవాళ్ళ రిజిస్టరు వేరుగా ఉంటుందట. రెండు చేతులతో మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు. అట్ట చివర్లు అరిగిపోయి ఉన్నాయి. ఏడాదిన్నర వెనక్కి వెళ్ళి, పేర్ల గడి మీద వేలు పెట్టి కిందికి దిగుతూ వచ్చారు. పేజీ తరవాత పేజీ. ఆ పేరు లేదు.

"లేదమ్మా," అన్నారు.

అక్క ఆ పుస్తకం వంకే చూస్తోంది. "ఒక్క మడిసి గురించి అందులో ఏమేం రాస్తారండి? ఒకటి సదివి ఇనిపించండి."

ఆయన ఒక వరస చూపుడు వేలితో పట్టుకుని, ఎవరిదో చెప్పకుండా, గడుల పేర్లు మాత్రం చదివారు. పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఊరు, వయసు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు రెండు, పంపిన కోర్టు, సెక్షను, వచ్చిన తేదీ, విడుదలైన తేదీ.

ఆవిడ వేళ్ళు మడుచుకుంటూ విన్నది. అన్నీ విన్నాక అడిగింది.

"వీటిల్లో మడిసి అబద్ధం సెప్పగలిగినియ్యి ఏంటండి?"

గుమస్తా గారు కళ్ళజోడు తీశారు. "పేరు చెప్పొచ్చు. తండ్రి పేరు, ఊరు, వయసు. అవన్నీ వాళ్ళు చెప్పిందే రాస్తామమ్మా."

"సెప్పలేనియ్యి?"

"ఎత్తు మేము కొలుస్తాం. గుర్తులు చూసి రాస్తాం."

"అయితే అయ్యి సదవండి బాబుగోరూ. పేర్లొదిలెయ్యండి."

ఆయన నా వైపు చూశారు. నేనూ ఆయన వైపే చూస్తున్నాను. ఇద్దరం చదువుకున్నవాళ్ళం. ఆయనకి ఆ పుస్తకాలతో ముప్ఫయ్యేళ్ళ పరిచయం, నాకు రోజూ దరఖాస్తులతోనే పని. అక్షరం ముక్క రాని ఆ మనిషి కూర్చున్నచోటే కూర్చుని, ఒక వరస విని, ఆ పుస్తకం ఎక్కడ నమ్మదగిందో, ఎక్కడ కాదో తేల్చేసింది.

"మీ చెల్లెలికి గుర్తులేమున్నాయమ్మా?" అన్నారాయన. ఈసారి గొంతులో మర్యాద పెరిగింది.

అక్క గాజులు పైకి లాగి ఎడం చెయ్యి బల్ల మీద పెట్టింది. మణికట్టు పైన తేలు పచ్చబొట్టు. "ఇలాంటిదేనండి. ఈ సేతికే. పెద్దాపురం మరిడమ్మ జాతరలో ఇద్దరం పక్కపక్కనే కూకుని పొడిపించుకున్నాం. కుడి మోకాలి కింద కొడవలి కోసుకున్న మచ్చుందండి. మూడు కుట్లు."

"ఎత్తు?"

"నా సెవి కాడికి వస్తాదండి."

ఆయన లేచి లోపలికెళ్ళి టేపు తెచ్చారు. ఆవిడని గోడకి ఆనుకుని నిలబడమని, నేల నుంచి చెవి దాకా కొలవమని టేపు నా చేతికిచ్చారు. ఆ అంకె ఒక చిత్తు కాయితం మీద రాసుకుని, మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. గుర్తులన్నీ ఇంగ్లీషులో రాసున్నాయి. ఒక్కొక్కటీ తెలుగు చేసి పైకి చదివారు. గడ్డం మీద పుట్టుమచ్చ. కుడి భుజాన కాలిన మచ్చ. చేతి మీద ఏదో పేరు పచ్చబొట్టు. నుదుటి మీద గాటు. పేర్లు లేకుండా ఆ ఒళ్ళన్నీ అలా వింటూంటే, ఏ చేతులో, ఏ మోకాళ్ళో, ఎవరి అక్కాచెల్లెళ్ళో అనుకున్నాను.

ఒకచోట తేలు వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. రెండో గుర్తు మెడ మీద పుట్టుమచ్చ. "అది కాదండి," అంది అక్క వెంటనే. నేను మళ్ళీ కూర్చున్నాను.

భోజనాల వేళ దాటింది. గుమస్తా గారి క్యారేజీ కిటికీలో అలాగే ఉంది. మీరు తినిరండి, మేం ఉంటామని నేనంటే, ఈ నెల పూర్తిచేస్తానన్నారు. ఆ నెల అయ్యాక తర్వాతి నెల తీశారు.

అప్పుడు ఆయన వేలు ఒకచోట ఆగింది. "ఎడమ ముంజేతిపై తేలు పచ్చబొట్టు," అన్నారు. "కుడి మోకాలి కింద కోసుకున్న పాత మచ్చ." చిత్తు కాయితం మీది అంకెనీ గడిలో ఎత్తునీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. అర అంగుళం తేడా.

"పేరు ఏం రాశారండి?" అనడిగాను నేను.

ఆయన చదివారు. తర్వాత ఊరి పేరు చదివారు. అక్క బల్ల అంచు పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

"అది మా అమ్మ పేరండి," అంది. "అది మా అమ్మ పుట్టినూరు."

గుమస్తా గారు ఆ వరస చివరిదాకా వేలితో వెళ్ళి, "విడుదల గడి ఖాళీగా ఉందమ్మా. మీ చెల్లెలు ఇక్కడే ఉంది," అన్నారు. అప్పుడు ఆవిడకి ఏడుపొచ్చింది.

ఆ రోజే ములాఖత్‌కి అక్క పేరు లోపలికి పంపారు. చెల్లెలు రాలేదు. తనకి అక్క ఎవరూ లేరని చెప్పి పంపింది. అక్క మాత్రం ముఖం తుడుచుకుని, "వచ్చే సోమారం వస్తానని సెప్పండి. ఆ పై సోమారం కూడా వస్తానని సెప్పండి," అని కబురు పెట్టింది. అన్నట్టే వచ్చింది. రెండోవారం కూడా చెల్లెలు రాలేదు. మూడోవారం నేనూ వెళ్ళాను. ఆ రోజు వచ్చింది.

సన్నగా, అక్క పోలికలతో ఉంది. ఇనప జాలీకి అవతల తల దించుకుని నిలబడింది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఎలా కనుక్కున్నావక్కా?"

"సదివించాను," అంది అక్క.

పని చేసే ఇంట్లో గొలుసు పోయిందట. తనే తీసిందన్నారట. ఆ ఇంటివాళ్ళు పనమ్మాయీ అనే పిలిచేవారు, అసలు పేరూ ఊరూ ఎప్పుడూ అడగలేదట. స్టేషన్లో పేరడిగితే, నిజం చెప్తే లంకలో అక్క గుమ్మం ముందుకి పోలీసులొస్తారని భయపడి, నోటికొచ్చిన పేరు చెప్పింది. నోటికొచ్చింది తల్లి పేరు. జామీనుకి నిలబడేవాళ్ళు లేక లోపలే ఉండిపోయింది.

"ఇంకో పేరేదైనా సెప్పొచ్చు కదే, అమ్మ పేరెందుకు?" అంది అక్క. కోపంగా కాదు, తెలుసుకుందామని.

"పొద్దున్నా సాయంత్రం లెక్కకి పిలుస్తారు కదక్కా. రెండు పూటలా అమ్మ పేరు ఇనపడేది," అంది చెల్లెలు.

నేను అక్కడి నుంచి కాస్త దూరం జరిగి నిలబడ్డాను.

తర్వాతంతా కాయితాల పని. కోర్టులో ఉన్నది ఒక పేరు, ఊళ్ళో ఉన్నది ఇంకో పేరు. ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్ కొట్టాను. ఒక ముక్క అటూ ఇటూ అవకుండా మూడుసార్లు సరిచూసుకున్నాను. గుమస్తా గారు గుర్తుల గడి నకలు స్టాంపు వేసి ఇప్పించారు. ఉచితంగా వాదించే వకీలు ఒకాయన దొరికారు. జామీనుకి లంకలో రైతులిద్దరు వచ్చారు. అక్క వాళ్ళ పొలాల్లో నాట్లు వేసే మనిషి. ఆవిడ మాటంటే వాళ్ళకి గురి. వానాకాలం నాట్లు మొదలయ్యేసరికి చెల్లెలు బయటికొచ్చింది. ఏడాది తర్వాత కేసు విచారణకొస్తే ఫిర్యాదు ఇచ్చినవాళ్ళు సాక్ష్యానికి రాలేదు. కొట్టేశారు.

జామీను మీద బయటికొచ్చిన రోజే ఇద్దరూ షాపుకి వచ్చారు. అక్క తెచ్చిన తాటితాండ్ర పొట్లం నా మిషను పక్కన పెట్టింది. బస్సుకి వేళవుతోందని లేచారు. వీధి మలుపు దాకా చూశాను. చెల్లెలు నిజంగానే అక్క చెవి దగ్గరికే వస్తుంది.

అప్పటినుంచీ జైలుకి రాసే ప్రతి అర్జీలోనూ ఎత్తూ ఒంటి గుర్తులూ అడిగి కొట్టడం నాకు అలవాటైంది. గుమస్తా గారు రిటైరయ్యే ముందు తన చోటికి వచ్చే కుర్రాయనకి, లేదని జవాబు రాసే ముందు ఆ గడి కూడా చూడమని చెప్పి వెళ్ళారని విన్నాను. లంక నుంచి వచ్చే అక్క గురించి ఎవరైనా అడిగితే గుమస్తా గారు నవ్వి, "నాకు పని నేర్పింది ఆవిడేనండీ," అనేవారట.

అక్క రావడం ఆగలేదు. ఈసారి పక్క ఊళ్ళవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చేది. కొడుకు ఏ జైల్లో ఉన్నాడో తెలియని తల్లి, మొగుడు ఏమయ్యాడో తెలియని మనిషి. కొన్నిసార్లు దొరికేవారు, కొన్నిసార్లు దొరికేవారు కాదు. దొరకనివాళ్ళ వెంట కూడా బస్సు దాకా వెళ్ళి కూర్చోబెట్టి వచ్చేది.

రెండు వేల సంవత్సరం దాటాక మా షాపులో టైపు మిషన్లు పోయి కంప్యూటరు వచ్చింది. జైలు ఆఫీసులోనూ కంప్యూటర్లు పెట్టారన్నారు. ఒక రోజు అక్క ఒక పెద్దాయనతో వచ్చింది. ఆయన తమ్ముడు హార్బరు పనికని వెళ్ళి కబురు లేకుండా పోయాడట. నేను కీబోర్డు ముందుకి లాక్కుని, "చెప్పండి, పేరేంటండి?" అన్నాను.

"ఉండండి అమ్మాయిగోరూ," అంది అక్క. ఆయన్ని బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుని, మంచినీళ్ళిచ్చి, మీ తమ్ముడు ఎలా నడుస్తాడు, ఏ చేత్తో తింటాడు, చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డాడా అని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. బిగుసుకుని కూర్చున్న ఆ మనిషి నెమ్మదిగా తమ్ముడి గురించి చెప్పసాగాడు. మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా. ఆవిడ అడగడం అయ్యేదాకా నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చున్నాను.