బెళుగుప్ప బీట్లో ఫరీదా రాకెట్లు

రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఆడవాళ్లకు ఆదివారం వస్తే వారం బట్టలు ఉతకడానికే సరిపోతుంది. ఫరీదా మాత్రం తెల్లారకముందే ఆ పని ముగించేసి, అట్టపెట్టెలో రాకెట్లు సర్దుకుని కూర్చునేది. నలభై దాటిన మనిషి. వారమంతా ప్యాంట్లకు జిప్పులు కుట్టడమే ఆమె పని. ఎదురుగా గోడ, చేతికింద నీలం గుడ్డ, మధ్యాహ్నం సద్ది విప్పేదాకా తల ఎత్తే పని లేదు.

ఆమె భర్త మీరావలి పరుపులు కుట్టేవాడు. ఫోము పరుపులు వచ్చాక పిలిచేవాళ్లు తగ్గిపోయారు. అయినా సైకిలు వెనక దూది మూట కట్టుకుని వీధులు తిరిగేవాడు. వాళ్లకు ఒక్కడే కొడుకు, అర్హాన్. బెంగళూరులో బడిపిల్లల సైన్సు సామాన్లు అమ్మే దుకాణంలో పనికి చేరాడు. ఒక పండక్కి వస్తూ చిన్న రాకెట్టు తెచ్చాడు. అట్టగొట్టం, దాని అడుగున మందు కూరిన మోటారు, పైన మడిచిపెట్టిన గొడుగు. తీగ చివర మీట నొక్కితే బుస్సుమని లేచి, మేడల మీదుగా పోయి, ఆకాశంలో గొడుగు విప్పుకుని నెమ్మదిగా దిగింది. అది మిద్దెమీద వాలేలోపే మీరావలి మెట్లెక్కి దాన్ని చేతుల్లో పట్టుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అంతగా నవ్వడం ఫరీదా చూడలేదు.

తర్వాత ఆమే సొంతంగా చేయడం మొదలుపెట్టింది. చార్టు కాగితం పైపు మీద చుట్టి గొట్టం చేసేది. జీన్స్ కుట్టే యూనిట్లో దారం అయిపోయిన ప్లాస్టిక్ కోనులు పారేస్తారు, వాటిని ముక్కుకి పెట్టేది. చినిగిన గొడుగుల గుడ్డ కత్తిరించి పారాచూట్లు కుట్టేది. మోటార్లు మాత్రం అర్హాన్ పంపేవాడు. పక్క మిషను మీద కుట్టే చౌడేశ్వరికి ఇది చూడగానే నచ్చింది. ఆమె మొగుడు తిప్పయ్యకు సామాన్లు తోలే ఆటో ఉంది. ఊళ్లో ఎగరేస్తే వైర్లలో చిక్కుకుంటున్నాయని ఫరీదా అంటే, తిప్పయ్యే చోటు చూపించాడు.

“బెళుగుప్ప దావలో మా తాత పొలం బీడు పడి ఉండాది. చెట్టూ లేదు, ఇల్లూ లేదు. ఆడికి పోదాం పా అక్కా,” అన్నాడు.

అలా నలుగురూ ఆదివారాలు అక్కడికి పోవడం అలవాటైంది. వేరుశనగ వేసి వేసి, వానలు మొహం చాటేస్తే వదిలేసిన నేల అది. ఎర్రమట్టి, గులకరాళ్లు, అక్కడక్కడ సర్కారు తుమ్మ పొదలు. దూరంగా మిట్టల మీద గాలిమరలు తిరుగుతుండేవి. వాటి వైపు చూసి ఫరీదా గాలి ఎటు ఉందో చెప్పేది. చౌడేశ్వరి మీట నొక్కేది. తిప్పయ్య వీడియో తీసేవాడు. మీరావలి పరుగెత్తేవాడు. దిగుతున్న రాకెట్టును నేల తాకనివ్వకుండా పట్టుకోవడం ఆయన పంతం. మొదట్లో ఊరి పిల్లలు, గొర్రెల కాపర్లు చూడ్డానికి వచ్చి చేరేవారు. రానురాను వాళ్లకూ మామూలైపోయింది. బుస్సుమని శబ్దం వినిపించినా తల తిప్పేవాళ్లు లేకపోయారు.

ఆ ఏడు వానాకాలమంతా మబ్బులు వచ్చి వెళ్లిపోయాయి. ఆ ఆదివారం గాలి కొంచెం ఎక్కువగానే ఉంది. పొద్దు వాలుతుండగా ఎగరేసిన రాకెట్టు బాగా ఎత్తుకు పోయి, గొడుగు విప్పుకుని, వాళ్లెప్పుడూ పోని తుమ్మపొదల వైపు కొట్టుకుపోయింది. మీరావలి తల పైకెత్తి దాని వెంట పరుగెత్తాడు. అలా పరుగెత్తుతూ పొదల మధ్య దూరాడు. ఆ తర్వాత కనిపించలేదు. రాళ్లు జారిన శబ్దం ఒకటి వచ్చింది, అంతే. రాకెట్టు మాత్రం పొద మీద వాలి, దాని గొడుగు గాలికి రెపరెపలాడుతూ ఉంది.

ఫరీదా పేరు పెట్టి పిలుస్తూ పోయింది. ముళ్లు తప్పించి చూస్తే కాళ్ల ముందే బావి. గట్టు ఎప్పుడో కూలిపోయింది. నీళ్లింకిపోయి, చుట్టూ కంప పెరిగి, నోరు మూసుకుపోయింది. లోపల చీకటి. కాసేపటికి అడుగు నుంచి ఆయన గొంతు వచ్చింది.

“ఫరీదా, బతికే ఉండా. భయపడొద్దు.”

మళ్లీ అన్నాడు, “కాళ్లు తెలుస్తాండ్లేదు.”

తిప్పయ్య మొహం పాలిపోయింది. ఆ బావి తాత తవ్వించిందే. చిన్నప్పుడు చూశాడు కానీ అది ఇంకా అవతల ఎక్కడో ఉందనుకున్నాడు. తాడు తెస్తానని ఆటో తీసుకుని తాత ఊరివైపు పోయాడు. ఆ పల్లంలో ఫోనుకు సిగ్నలు లేదు. చౌడేశ్వరి మిట్ట ఎక్కి అంబులెన్సుకు ఫోను చేసింది. వస్తామన్నారు. ఏ దారిలో రావాలో చెప్పమంటే, బీళ్ల మధ్య బండిదారికి ఆమె గుర్తులు చెప్పలేకపోయింది. ఇక్కడ గుడి లేదు, బోర్డు లేదు, చెట్టు కూడా లేదు. సిగ్నలు మధ్యలో తెగిపోతే మళ్లీ మళ్లీ చేసి, చివరికి బెళుగుప్ప రోడ్డు మీదే ఆగమంది.

బావి దగ్గర ఫరీదా ఒక్కతే ఉంది. కింద నుంచి మీరావలి దాహమన్నాడు. తన చున్నీ, రాకెట్ల గొడుగులు, మీట తీగ అన్నీ ముడివేసి, కొసకు నీళ్ల సీసా కట్టి దింపింది. సీసా ఆయనకు అందేంత దూరం పోలేదు. తీగ చివర పట్టుకుని ఆమె అంచున బోర్లా పడుకుంది. చేయి ఎంత చాపినా అందలేదు. కింద ఆయన చేయి గాల్లో తడుముకుంటున్నట్టు తెలుస్తోంది.

ఇక ఆగలేకపోయింది. బావి గోడకు పాత రాతిమెట్లు ఒకటో రెండో మిగిలి కనిపించాయి. వాటి మీద కాలు పెట్టి దిగబోయింది. మొదటి మెట్టు ఆగింది. రెండోది మట్టితో సహా ఊడి కిందికి పోయింది. కింద నుంచి అరుపు వినిపించింది.

“దిగొద్దు! రాళ్లు నా మీద పడతాండాయి.”

ఆమె గోడకు అతుక్కుపోయి, కదిలితే ఇంకేం రాలుతుందోనని అలాగే ఉండిపోయింది. చౌడేశ్వరి పరుగున వచ్చి జబ్బ పట్టి లాగకపోతే తానూ పడిపోయేది. పైకి వచ్చాక ఫరీదా తలబాదుకుంది. తన చేత్తోనే ఆయన మీద రాయి వేసినట్టయింది.

పొద్దు గాలిమరల వెనక్కి దిగుతోంది. అవతల మిట్ట మీద ఎవరిదో గొర్రెల మంద కదులుతూ కనిపించింది. ఇద్దరూ కేకలు వేశారు. గాలి ఎదురుగా ఉంది. కేకలు వాళ్ల వెనక్కే పోయాయి. అప్పుడు ఫరీదాకు పెట్టెలో మిగిలిన రాకెట్లు గుర్తొచ్చాయి. మూడు ఉన్నాయి. మీట తీగ బావిలోంచి పైకి లాగి, మొదటిదాన్ని నిలబెట్టి వదిలింది. అది తెల్లటి పొగ గీతలా లేచింది. మంద ఆగలేదు. రెండోదీ వదిలింది. కాపరి అటు తిరిగినట్టు, నిలబడి చూసినట్టు అనిపించింది. ఫరీదా రెండు చేతులూ ఊపింది. కాపరి కూడా చేయి ఊపి, మందను తోలుకుంటూ మిట్ట అవతలికి దిగిపోయాడు. మూడోది వదిలేసరికి అక్కడ ఎవరూ లేరు. అది ఎక్కడ పడిందో ఆమె చూడలేదు.

మీరావలితో మాట్లాడుతూ ఉంటే చాలు అనుకుంది. పెళ్లి నాటి సంగతులు, అర్హాన్ చిన్నప్పటి చేష్టలు, ఎవరి ఇంట్లో ఏ పరుపు కుట్టాడో అన్నీ అడిగింది. మొదట్లో జవాబు చెప్పేవాడు. తర్వాత ఊఁ అనేవాడు. ఆ ఊఁ కూడా ఆలస్యమవుతూ వచ్చింది. ప్రతిసారీ అది వినిపించేదాకా ఆమెకు ప్రాణం నిలిచేది కాదు.

అవతల తిప్పయ్య ఊళ్లో ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. సగం ఇళ్లకు తాళాలు. కరువుకి జనం బెంగళూరు కూలికి పోయారు. మిగిలింది ముసలివాళ్లే. పెద్ద తాడు కావాలని అడిగితే, వరసకు అవ్వ అయ్యే వెంకటలక్ష్మమ్మ అతన్ని వింతగా చూసింది.

“బావుల్లో నీళ్లు పోయి ఎన్నేండ్లయ్యా! ఎద్దులూ పాయె. మోకులు ఇంగ యాడుంటాయి నాయనా?” అంది.

ఒకప్పుడు ఇంటికొక మోకు వేలాడిన ఊరు అది. ఇప్పుడు బట్టలు ఆరేసే తాళ్లు తప్ప ఏమీ దొరకలేదు. చివరికి ఆ అవ్వే దారి చెప్పింది. పక్క ఊళ్లో కుళ్లాయప్ప అని ఉన్నాడు, కాలిపోయిన బోరు మోటార్లు పైకి లాగడం అతని పని, అతని దగ్గర తాళ్లు ఉంటాయి. తిప్పయ్య వెళ్లేటప్పటికి అతను ఇంకెక్కడో పనిలో ఉన్నాడు. వెతుక్కుంటూ పోయి, విషయం చెప్పి, తాళ్లతో కప్పీతో అతన్నీ ఇద్దరు మనుషుల్నీ ఎక్కించుకొచ్చేసరికి బాగా మసక పడింది. దారిలో వెంకటలక్ష్మమ్మ తన నులకమంచం ఆటో మీద వేయించింది. ఆమెకు ఉన్నది ఆ ఒక్క మంచమే.

కుళ్లాయప్ప ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆటో లైట్లు బావి మీద పడేట్టు పెట్టించి, మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, నడుముకు తాడు కట్టుకుని దిగాడు. మంచం దింపించుకుని, మీరావలిని దాని మీదికి చేర్చి, కదలకుండా కట్టాడు. లాగుతుంటే మీరావలి అరవలేదు. మూలగనైనా లేదు. అదే ఫరీదాను ఎక్కువ భయపెట్టింది. మంచం పైకి వచ్చాక ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది. ఊపిరి ఉంది. మొహం నిండా మట్టి. కళ్లు తెరిచే ఉన్నాయి.

అప్పటికి లైట్లు చూసి ఒకరిద్దరు వచ్చారు. వాళ్లలో ఆ గొర్రెల కాపరి ఉన్నాడు. పేరు సోమప్ప, పెద్దవాడు. సంగతి తెలిసి, తలగుడ్డ తీసి చేతిలో నలుపుకుంటూ ఫరీదా ముందుకు వచ్చాడు.

“నేను చూస్తిని మ్మా. ఎప్పట్లాగా ఆడుకుంటాండారనుకుంటి. చెయ్యి కూడా ఊపితిని.”

ఫరీదాకు కోపం రాలేదు. రావడానికి ఒంట్లో ఏమీ మిగల్లేదు. “నీకేం తెలుసులే తాతా,” అని అంబులెన్సు ఆగిన రోడ్డు వైపు మంచం వెంట నడిచింది.

అనంతపురం ఆస్పత్రిలో వెన్నుపూస నలిగిందన్నారు. బెంగళూరులో ఆపరేషను చేశారు. ప్రాణం నిలిచింది, కాళ్లు రాలేదు. ఇంటికి తెచ్చాక మీరావలి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు ఫరీదా అన్నం కలిపి తినిపిస్తుంటే చేయి తోసేశాడు.

“నన్ను ఆ బాయిలోనే వదిలేసుంటే బాగుండు,” అన్నాడు.

కింద పడిన మెతుకులు ఏరి, మళ్లీ ముద్ద పెట్టింది. మధ్యాహ్నాలు యూనిట్ నుంచి పరుగున వచ్చి ఆయన్ను పక్కకు ఒత్తిగిలించి, పక్క మార్చి, మళ్లీ పరుగున పోయేది. అర్హాన్ సెలవు పెట్టి వచ్చినప్పుడు అటక మీది రాకెట్లన్నీ దించి, ఒక్కొక్కటే కాలికింద వేసి తొక్కాడు. “తెచ్చింది నేనే గదమ్మా,” అని ఏడ్చాడు. ఆపమని అనాలని ఫరీదాకు అనిపించలేదు. కోనులు, అట్టలు ఊడ్చి పారబోసింది.

చౌడేశ్వరితో మాటలు ఆగిపోయాయి. పోట్లాట ఏమీ లేదు. పక్కపక్క మిషన్ల మీదే కూర్చునేవారు, ఎవరి సద్ది వాళ్లు తినేవారు. తిప్పయ్య ఆ వీధిలోకి రావడం మానేశాడు. ఆ బావి సంగతి ముందే చెప్పి ఉంటే అన్న మాట ఫరీదా నోట ఎప్పుడు వస్తుందోనని చౌడేశ్వరి నెలల తరబడి ఎదురుచూసింది. చివరికి ఒక శనివారం ఫరీదా మిషను ఆపి అడిగింది.

“మీ పొలాల పక్క అట్లాంటి బావులు ఇంకా ఎన్ని ఉండాయి?”

చౌడేశ్వరికి తెలియదు. తిప్పయ్యకూ తెలియదు. మరుసటి ఆదివారం ముగ్గురూ వెళ్లారు. మొదట మీరావలి పడిన బావి చుట్టూ తుమ్మకంప నరికి వేసి, దాని మీద రాళ్లు పేర్చి, రాళ్లకు సున్నం పూశారు. రెండో వారం సోమప్ప కనబడి, గొర్రెపిల్ల పడి చచ్చిన ఇంకో బావి చూపించాడు. ఆ తర్వాత ఇంకోటి. ఒకదానికి కంప వేసేసరికి మరొకటి బయటపడేది. ముళ్లు గీరుకుని చేతులు వాస్తే ఫరీదాకు సోమవారం జిప్పు పట్టు దొరికేది కాదు. ఇదంతా ఎందుకని యూనిట్లో అడిగేవారు. ఇంట్లో కూర్చోలేకపోతోంది, అంతే.

ఆదివారం కూడా తనను వదిలి పోతోందని మీరావలికి కోపం. ఒకరోజు ఆమె బయల్దేరుతుంటే, తీసుకుపోతే తననూ తీసుకుపో, లేకపోతే నువ్వూ పోవద్దు అన్నాడు. వద్దని చాలాసేపు చెప్పింది. ఆయన వినలేదు. చివరికి తిప్పయ్య ఆటోలో పరుపు పరిచి, ఆయన్ను ఎత్తి కూర్చోబెట్టి, నడుము జారకుండా గుడ్డతో కట్టారు. దారంతా గతుకులు. ప్రతి గతుక్కీ ఆమె ఆయన మొహం చూసుకుంటూ కూర్చుంది.

బీట్లో ఆటో ఆపాక మీరావలి ఆ నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఏమంటాడోనని ముగ్గురికీ భయమే. వాళ్లు పోయి కంప నరకడం మొదలుపెట్టారు. ఎండ ముదిరింది. కొంతసేపటికి వెనక నుంచి ఆయన కేక వినిపించింది. ఫరీదా కత్తి పడేసి పరుగెత్తబోయింది. ఆయన పిలుస్తున్నది ఆమెను కాదు.

“తిప్పయ్యా, ఆ కంప గాలికి నిలబడదప్పా. ఆ పక్క ఇంకో రెండు రాళ్లు పెట్టు.”

తిప్పయ్య నడుం ఎత్తి నిలబడ్డాడు. బావిలో పడిన రోజు తర్వాత మీరావలి తనను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. “పెడతాలే అన్నా,” అని రాళ్ల కోసం వంగాడు. ఫరీదా కూడా వెళ్లి ఒక రాయి ఎత్తింది.