బొగ్గు గని నీళ్ళకు బేరమాడబోయి

మిర్యాలగూడలోని మా వడ్ల దుకాణంలో ఒకప్పుడు ధాన్యం చెరిగిన సైదమ్మ ఫోన్ చేయడంతో ఈ ప్రయాణం మొదలైంది. ఆమె పుట్టిల్లు కోదాడ దగ్గర చిలుకూరు. ఇచ్చింది కొత్తగూడెం వైపు, బొగ్గు గని పక్క ఊరికి. గనిలోంచి తోడిపోసే నీళ్ళు వాగు పాలవుతున్నాయట, ఆమె యాసంగి వరి మాత్రం పొట్టకొచ్చి ఎండుతోందట. ఆ నీళ్ళు పొలాలకు మళ్ళించే విషయం మాట్లాడదామని గని అధికారి రైతులను పిలిచాడు. "బేరం నీకొచ్చినట్టు ఎవ్వరికొస్తది తమ్మీ, జర నువ్వొచ్చి మాట్లాడు" అంది. పొగడ్తకు లొంగడం వ్యాపారికి ఉండకూడని గుణం. నాకుంది.

ఉదయం ఐదున్నరకు కోదాడ బస్సెక్కాను. ఆడవాళ్ళకు బస్సు ఉచితం, నాకు కాదు. నా చేతిలోని టికెట్ చూసి పక్క సీటు పెద్దమ్మ "మగోళ్ళకే కష్టకాలమొచ్చింది కొడుకా" అని నిజంగానే జాలిపడింది. కోదాడలో ఇడ్లీ తిని, చట్నీ రెండుసార్లు ఎక్కువ పోయించుకుని, ఖమ్మం బస్సు పట్టుకున్నాను. గనుల వైపు వెళ్ళాలనుకునేవారు ఖమ్మంలో మళ్ళీ మారాలి. కిటికీ సీటు కావాలంటే కింది నుంచే రుమాలు వేయాలి.

నేను రుమాలు వేసిన సీట్లో ఒకాయన దర్జాగా కూర్చున్నాడు. గనిలో పనిచేసి రిటైరైన మనిషి. పక్కన సర్దుకుని నీళ్ళ సంగతి కదిపాను. భూమి లోపల ఊట ఆగదని, రాత్రింబగళ్ళు తోడాల్సిందేనని చెప్పాడు. బొగ్గు తీసిన చోట ఇసుక కలిపిన నీళ్ళు పంపి నింపుతారట. ఇసుక లోపల నిలుస్తుంది, నీళ్ళు మళ్ళీ పైకొస్తాయి. నింపకపోతే పైన నేల కుంగి బావుల నీళ్ళు లోపలికి దిగిపోవచ్చట. "మోటరు ఆపితే లోపల మనిషి బతకడన్నా. బొగ్గు తర్వాత, ముందు నీళ్ళే" అన్నాడు. నాకు లోలోపల సంతోషమైంది. ఎట్లాగూ వదిలించుకోవాల్సిన సరుకైతే బేరం మనదే.

పదకొండు దాటాక దిగాను. సైదమ్మ ముందు పొలానికే తీసుకెళ్ళింది. నేల నెర్రెలు విచ్చింది. వెన్ను సగం బయటికొచ్చి ఆగిపోయింది. ఆమె ఒక కంకి తుంచి నా చేతిలో పెట్టింది. నొక్కి చూశాను, గింజలో పాలు లేవు. ఈ వారంలో తడి పడకపోతే ఆమెకు మిగిలేది గడ్డే.

అక్కడి నుంచి మిగతా రైతులతో కలిసి గని ఆఫీసుకు వెళ్ళాం. అధికారి కుర్రవాడు, ఓపిక గలవాడు. తోడిన నీళ్ళను పెద్ద తొట్లలో నిలిపి, మడ్డి దిగాక, కొన్ని ఇసుక నింపడానికి, కొన్ని రోడ్ల మీద దుమ్ము అణచడానికి వాడుతున్నామన్నాడు. పరీక్ష చేయించామని, మిగిలినవి పొలాలకు వదలొచ్చని కూడా అన్నాడు. అక్కడ తలూపితే పని అయిపోయేది. కానీ మా దుకాణంలో సరుకు ఎంత నచ్చితే పెదవి అంత విరవాలి. వడ్లు బంగారంలా ఉన్నా తాలుందని, తేమ ఉందని అనకుండా బస్తా దించుకోము.

"ఏం నీళ్ళు సారూ, మసి లెక్కున్నయ్. పొలం పాడైతే జవాబెవరు? పైపులు గూడ మీరే వేస్తే ఆలోచిస్తం" అన్నాను.

అతను తిరిగి బేరమాడలేదు. నమ్మాడు. రైతులకే అనుమానముంటే వదలడం మంచిది కాదని, వాగులోకే పోనివ్వమని పక్కనున్నతనికి చెప్పాడు. పాతికేళ్ళ బేరాల్లో ఇట్లాంటి మనిషి నాకు తగల్లేదు. వెనక రైతులు నన్ను చూస్తున్న చూపు వీపుకు తెలుస్తోంది.

సైదమ్మ లేచింది. "సార్, ఈయన మా సేటు. ఏది నచ్చితే దాన్నే తిడతడు. మా అవ్వగారింటి వడ్లను గిట్లనే తిట్టి తిట్టి కొన్నడు. ఆ తొట్ల కింద పారే నీళ్ళే మా బర్రెలు తాగుతున్నయ్. ఆ నీళ్ళతోనే నా వంకాయ మడి పండుతున్నది, వచ్చి సూడున్రి. పైపులొద్దు, కాలువ మేమే తీసుకుంటం."

అధికారి నిజంగానే వచ్చి మడి చూశాడు. ఒక వంకాయ కోసి అటూ ఇటూ తిప్పి, తూము తెరవమన్నాడు. అందరూ పారలు పట్టారు. నేనూ పట్టాను గానీ, కాసేపటికే "సేటూ, నువ్వు పక్కకుంటేనే పని తొందరగైతది" అన్నారు. నేను నాలుగింటి బస్సెక్కేసరికి నీళ్ళు రెండో పొలంలో ఉన్నాయి. సైదమ్మది చిట్టచివరిది.

ఖమ్మం మీదుగా సూర్యాపేట చేరేసరికి ఎనిమిది. గనుల వైపు వెళ్ళినవారు బొగ్గు చూసొచ్చామంటారు. నేను బొగ్గు పెళ్ళ కూడా చూడలేదు. దానికోసం భూమి ఎన్ని నీళ్ళు కక్కుతుందో, అవి ఎవరి నోటికి చేరాలో మాత్రం కొంచెం తెలిసింది. మిర్యాలగూడ బస్సు కోసం నిలబడి ఉండగా సైదమ్మ ఫోన్ చేసింది.

"మా మళ్ళకొచ్చినయ్ తమ్మీ. నిలుస్తలేవు, నెర్రెలన్నీ తాగుతున్నయ్. తాగనీ."

ఫోన్ గట్టు మీద పెట్టినట్టుంది. ఎండిన మట్టిలోకి నీళ్ళు దిగుతున్న చప్పుడు సన్నగా వస్తోంది. బస్సు వచ్చి కండక్టర్ కేకేసినా, ఇంకాసేపు వింటూ నిలబడ్డాను.